గుమ్మం ముందు గుమ్మడికాయ దీపం, పిల్లల కాస్ట్యూమ్ అంచు

హాలోవీన్ రాత్రి, అంటే పిల్లలు రకరకాల వేషాలు వేసుకుని క్యాండీ కోసం ఇంటింటికీ తిరిగే అక్టోబరు 31న, అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఒక ఇంటి ముందు జరిగేది కాస్త నిదానంగా గమనిస్తే, ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో అర్థమవుతుంది. కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయ మెట్ల పక్కన నేల మీదే ఉంటుంది. లోపల చిన్న టీలైట్ క్యాండిల్. ఐదారేళ్ల పిల్లకు ఆ మంట మోకాలి ఎత్తుకు వస్తుంది, అంటే సరిగ్గా గౌను అంచు వేలాడే చోటికి. మెట్లు ఎక్కేటప్పుడు పిల్ల అడుగు చూసుకునే వేస్తుంది. క్యాండీ సంచిలో పడ్డాకే తొందర మొదలవుతుంది. వెనకాల ఇంకో నలుగురు తోసుకుంటూ వస్తుంటారు, పక్కింటికి పోవాలి. గిరుక్కున తిరుగుతుంది, భుజాల మీది కేప్ గొడుగులా విచ్చుకుంటుంది. మాస్కుకు ఉన్నవి రెండు చిన్న చిల్లులు కాబట్టి పక్కన ఏముందో, కింద ఏముందో తనకు కనిపించదు.

ఇందులో ఒక చిక్కుంది. ఆ గౌను కొన్నది ఒక ఇంటివాళ్లు, ఆ క్యాండిల్ వెలిగించింది ఇంకో ఇంటివాళ్లు. హాలోవీన్ జాగ్రత్తల పేరుతో ఏటా వచ్చే సలహాలు చాలావరకు గౌను కొన్నవాళ్లకే. లేబుల్ చూడండి, పొడుగు తగ్గించండి, పిల్లల వెంట ఉండండి అని. అవి అవసరమే. కానీ ఆ రాత్రి ఒక పిల్ల 30 గుమ్మాలు తిరిగితే, ఆ 30 గుమ్మాల ముందు ఏం వెలుగుతోందో అమ్మానాన్నల చేతిలో ఉండదు. అది ఆ ఇళ్లవాళ్లే చూసుకోవాల్సిన పని. మంట లేకపోతే లేబుల్‌తో పనే పడదు. ఈ విషయంలో గట్టిగా చెప్పాల్సింది క్యాండిల్ పెట్టేవాళ్లకే.

దీపావళి రోజు పరిస్థితి వేరు. కాకరపువ్వొత్తి పట్టుకున్న పిల్ల దృష్టంతా నిప్పు మీదే ఉంటుంది. పక్కన నాన్నో బాబాయో ఉంటారు, బకెట్‌తో నీళ్లు ఉంటాయి, నూలు బట్టలు వేసుకోమని పొద్దున్నుంచే పోరు పెట్టి ఉంటారు. హాలోవీన్ రోజు పిల్లల మనసంతా క్యాండీ మీద, పెద్దల టెన్షనంతా రోడ్డు మీది కార్ల గురించి. నిప్పు అలంకరణలో ఒక భాగం మాత్రమే కాబట్టి దాని వైపు ఎవరూ చూడరు.

2014 అక్టోబరు 31న బ్రిటన్‌లో జరిగింది ఇదే. ప్రముఖ టీవీ వ్యాఖ్యాత క్లాడియా వింకిల్‌మన్ ఎనిమిదేళ్ల కూతురు మంత్రగత్తె వేషం వేసుకుంది. సూపర్‌మార్కెట్‌లో కొన్న మామూలు గౌను అది. గుమ్మడికాయలోని క్యాండిల్‌కు తగిలి అంటుకుంది. పక్కనున్న పెద్దలు ఆర్పుతుంటే మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ లేచిందని, కాళ్లకు వేసుకున్న టైట్స్ కరిగి చర్మానికి అతుక్కుపోయాయని తల్లి తర్వాత టీవీలో చెప్పారు. పిల్ల బతికింది, కానీ ఆపరేషన్లు తప్పలేదు. తల్లి అక్కడే ఉంది. చుట్టూ పెద్దవాళ్లున్నారు. పిల్లల వెంట పెద్దలుంటే చాలన్న ధైర్యానికి ఇది పెద్ద దెబ్బ.

ఆ సంఘటన తర్వాత బ్రిటన్ జనానికి తెలిసొచ్చిన సంగతి ఇంకోటుంది. చట్టం దృష్టిలో పిల్లల వేషాలు బట్టల కిందికి రావు, బొమ్మల కిందికి వస్తాయి. పిల్లల నైట్‌డ్రెస్సులకు అక్కడ 1985 నుంచి కఠినమైన అగ్ని పరీక్ష ఉంది. కాస్ట్యూమ్‌లకు ఉన్నది బొమ్మల ప్రమాణం, ఈఎన్ 71-2. అప్పటి లెక్క ప్రకారం మంట గుడ్డ మీద సెకనుకు 30 మిల్లీమీటర్ల వేగం వరకు పాకొచ్చు. వినడానికి చిన్న అంకెలాగే ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల గౌను అంచు నుంచి మెడ దాకా దాదాపు 90 సెంటీమీటర్లు అనుకుంటే, పరీక్ష పాసైన గుడ్డ మీద కూడా మంట అంచు నుంచి మెడకు చేరడానికి అర నిమిషం చాలు. అదీ ల్యాబ్‌లో, ఒంటి పొర ముక్క మీద. అసలు గౌనుకు మూడు పొరల నెట్ ఉంటుంది, పొరల మధ్య గాలి ఉంటుంది, పిల్ల భయపడి పరిగెడుతుంది. 2015లో ప్రభుత్వం మార్కెట్లోని కాస్ట్యూమ్‌లను తనిఖీ చేయించింది. బ్రిటిష్ రిటైల్ వ్యాపారుల సంఘం ఈ వేగాన్ని సెకనుకు 10 మిల్లీమీటర్లకు తగ్గిస్తూ తమ సభ్యులకు ఒక స్వచ్ఛంద నియమావళి తెచ్చింది. అర నిమిషం ఒకటిన్నర నిమిషం అవుతుంది. ఆ నిమిషంలో ఒక పెద్ద మనిషి అడ్డం పడి ఆర్పగలడు. ప్రమాణం వల్ల వచ్చే లాభం అంతే. గుడ్డ కాలదని ఏ ప్రమాణమూ హామీ ఇవ్వదు.

అమెరికా కథ ఇంకా పాతది, మొదలైంది కూడా వేషాలతోనే. 1940ల్లో అక్కడి పిల్లలకు కౌబాయ్ వేషాలంటే పిచ్చి. నూగు నూగుగా ఉండే రేయాన్ గుడ్డతో కుట్టిన ఆ ప్యాంట్లు నిప్పు తగలగానే భగ్గున లేచేవి, కొందరు పిల్లలు చనిపోయారు కూడా. అలాంటి నూగు స్వెట్టర్లతోనూ ప్రమాదాలు జరిగాక 1953లో ఫ్లేమబుల్ ఫ్యాబ్రిక్స్ యాక్ట్ వచ్చింది. ఆ చట్టం కిందే ఇప్పటికీ మామూలు దుస్తులకు, హాలోవీన్ కాస్ట్యూమ్‌లకు ఒకటే పరీక్ష. గుడ్డ ముక్కను 45 డిగ్రీల వాలులో పెట్టి, ఒక సెకను పాటు మంట తగిలించి, మంట 127 మిల్లీమీటర్లు పాకడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. నూగు లేని గుడ్డకైతే మూడున్నర సెకన్లు పడితే పాస్. భాగించి చూస్తే సెకనుకు 36 మిల్లీమీటర్లు. దుకాణంలో అమ్మే కాస్ట్యూమ్ చట్టం అడిగిన ప్రమాణానికి సరిపోయిందే అని అమ్మేవాళ్లు చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. ఆ పరీక్ష అతి ప్రమాదకరమైన గుడ్డలను మాత్రమే ఏరేస్తుందన్న సంగతి మాత్రం చెప్పరు.

పిల్లల నైట్‌డ్రెస్సులకు అమెరికాలోనూ 1970ల నుంచి వేరే నిబంధనలున్నాయి. నిలువుగా వేలాడదీసిన గుడ్డకు మూడు సెకన్లు మంట తగిలిస్తారు, తీసేశాక అది తనంతట తాను ఆరిపోవాలి. అక్కడ పిల్లలను పెంచుతున్న మనవాళ్లందరికీ తెలిసిన పసుపు రంగు ట్యాగ్ ఒకటుంటుంది, కాటన్ పైజమాల మీద. ఈ బట్ట నిప్పును తట్టుకునేది కాదు, ఒంటికి బిగుతుగా ఉండాలి, వదులుగా ఉంటే అంటుకునే అవకాశం ఎక్కువ అని దాని మీద రాసి ఉంటుంది. చాలామంది చదవకుండానే కత్తిరించి పారేస్తారు. 1996లో నిబంధన సడలించి, ఒంటికి అతుక్కుని ఉండే కాటన్ పైజమాలకు అగ్ని పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చారు. గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి లేకపోతే మంట రాజుకోవడం కష్టం, పైగా వేలాడే అంచు లేకపోతే మంట దగ్గరికి చేరేదే తక్కువ. ఆ మినహాయింపు వెనకున్న ఆలోచన ఇదే. ఏ పోగుతో నేశారన్నదాని కంటే ఎలా కుట్టారన్నది పెద్ద విషయమని ఆ పసుపు ట్యాగే చెబుతోంది.

నూలు మంచిదా, పాలిస్టర్ మంచిదా అన్న ప్రశ్న దగ్గర తెలుగువాళ్లు తరచూ తికమక పడతారు. దీపావళికి నూలు బట్టలే వేసుకోమని చిన్నప్పటి నుంచీ విన్నాం. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ హాలోవీన్ సలహాల్లో నైలాన్, పాలిస్టర్ గుడ్డలు నిప్పును కొంత తట్టుకుంటాయని రాస్తుంది. రెండూ నిజాలే. పల్చటి నూలు గుడ్డ సులువుగా అంటుకుంటుంది, మంట నిలుస్తుంది, కానీ కరగదు. పాలిస్టర్ వేడికి ముడుచుకుని మంట నుంచి వెనక్కి పోతుంది కాబట్టి వెంటనే అంటుకోదు, అంటుకుంటే మాత్రం కరిగి చుక్కలు చుక్కలుగా చర్మం మీద పడుతుంది. దీపావళి నాడు ఒంటి మీద పడేవి రవ్వలు. కరిగే గుడ్డకు ఒక్క రవ్వ పడినా చురుక్కుమంటుంది, అందుకే పెద్దవాళ్లు నూలు అన్నారు. హాలోవీన్ నాడు ఎదురయ్యేది అంచుకు తగిలే మంట. అక్కడ ముడుచుకునే గుణం పనికొస్తుంది, అదీ ఒక హద్దు దాకా. రెండూ కలిపి నేసిన మిశ్రమ గుడ్డకు ఈ ముడుచుకునే లాభం పెద్దగా ఉండదు. నూలు పోగు మంటను పట్టి ఉంచుతుంది, ఆ మంటలోనే పాలిస్టర్ కరుగుతుంది. ఇక నెట్, శాటిన్ కేప్, నూగు తోక, సింథటిక్ విగ్గు, ఇవి ఏ పోగుతో చేసినా అనుమానంగానే చూడాలి. పల్చగా, వదులుగా, గాలి ఆడేలా ఉన్న ప్రతిదీ మంటకు దారి ఇస్తుంది.

కాబట్టి వేషం కొనేటప్పుడు చూడాల్సింది ముందు ఆకారం. అంచు చీలమండకు పైన ఉండాలి, చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండాలి, కేప్ లేకపోతే మరీ మంచిది. ఉండి తీరాలంటే నడుము దాకా చాలు, అదీ లాగగానే ఊడొచ్చే వెల్క్రోతో. మెడ దగ్గర ముడేసిన తాడు, అంటుకున్నాక విప్పడం ఎవరి వల్లా కాదు. లోపల నిండు చేతుల కాటన్ చొక్కా, కాటన్ లెగ్గింగ్స్ వేస్తే కరిగిన పాలిస్టర్ నేరుగా చర్మాన్ని తాకదు. అక్టోబరు చివరి చలికి ఎలాగూ వేయాల్సిందే. అస్థిపంజరం బొమ్మ ముద్రించిన పైజమాలు అమెరికా దుకాణాల్లో విరివిగా దొరుకుతాయి. అవి నైట్‌డ్రెస్సుల నిబంధన కిందికి వస్తాయి కాబట్టి, ఎంత ఖరీదైన రాకుమారి గౌను కన్నా భద్రం. పిల్ల ఒప్పుకుంటుందా అన్నది వేరే విషయం, ఫ్రోజెన్ సినిమాలోని ఎల్సా గౌను అడిగిన పిల్లకు అస్థిపంజరం పైజమా చూపిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. అప్పుడు ఆ గౌను అంచును నాలుగు వేళ్లు మడిచి కుట్టడమే మిగిలిన దారి.

వేలాడే గుడ్డకూ పండగ దీపానికీ ఉన్న వైరం ఇప్పటిది కాదు. హాలోవీన్ పుట్టిల్లు ఐర్లండ్. అక్కడ మొనాఘన్ ప్రాంతంలో 1871లో హాలోవీన్ విందులో ఒక యువతి గౌనుకు మంట అంటుకుంది, ఆర్పబోయిన సోదరి గౌనూ అంటుకుంది. పేరుమోసిన కంటి వైద్యుడు సర్ విలియం వైల్డ్ కూతుళ్లు వాళ్లిద్దరూ. కాలిన గాయాలతో కొన్నాళ్లకే ఇద్దరూ కన్నుమూశారు. ఆ కాలపు గౌన్లు లోపల తీగల చట్రంతో బుట్టలా విచ్చుకునేవి, తనకు ఎంత దూరంలో ఏముందో వేసుకున్న మనిషికి తెలిసేది కాదు. ఇప్పటి పిల్లల రాకుమారి గౌన్లు ఆ ఆకారాన్నే కాపీ కొడుతున్నాయి.

గుమ్మం దాటి లోపలికి వెళ్తే ఇంకో రకం ప్రమాదం. గ్యారేజీలో నల్లగుడ్డలు కట్టి, దూదిలాంటి సాలెగూళ్లు వేలాడదీసి, ఎండిన మొక్కజొన్న కాడలు నిలబెట్టి భూతాల ఇల్లు తయారు చేస్తారు. ఇందులో ఏది ముట్టుకున్నా ఎండుగడ్డే. పొగ కోసం ఫాగ్ మెషీన్ పెడితే స్మోక్ అలారం మోగుతుంది, మోగుతోందని దాని బ్యాటరీ తీసేస్తారు. భూతాల ఇంట్లో నిజంగా భయపడాల్సిన చోటు అదే.

పెద్ద ఎత్తున ఇలాంటివి నడిపితే ఏమవుతుందో న్యూజెర్సీలోని జాక్సన్‌లో 1984 మే 11న తెలిసింది. సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో హాంటెడ్ క్యాజిల్ అనే భూతాల కోట కాలిపోయి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. గోడకు కొట్టిన ఫోమ్ మెత్తకు మంట తగిలింది. మంట వస్తే పైనుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు, స్మోక్ అలారాలు లేవు. వంకర టింకర చీకటి దారులు. లోపల పొగ కమ్ముకుంటుంటే, అదీ ఆటలో భాగమేనని కొందరు అనుకున్నారు. భయపెట్టడానికే కట్టిన చోట నిజమైన ప్రమాదం కూడా ఆటలాగే కనిపిస్తుంది, అందుకే ఇలాంటి కట్టడాలకు స్ప్రింక్లర్లు, పొగ పసిగట్టగానే లైట్లన్నీ వెలిగి శబ్దాలు ఆగిపోయే ఏర్పాటు ఉండాలని అమెరికా అగ్నిమాపక నిబంధనలు అడుగుతాయి. ఇంటి గ్యారేజీకి ఆ నిబంధనలు వర్తించకపోవచ్చు, సూత్రం మాత్రం అదే. లోపల ఏ రకం మంటా ఉండకూడదు, బయటికి రెండు దారులుండాలి, ట్యూబ్‌లైట్ స్విచ్ దగ్గర ఒక పెద్ద మనిషి కూర్చోవాలి.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల క్లబ్‌హౌస్‌లలోనూ, కొన్ని స్కూళ్లలోనూ ఈ పండగ చేస్తున్నారు. ఇక్కడ ఇంటింటికీ తిరిగే కన్నా ఒక హాలులో పోగయ్యేదే ఎక్కువ. అందుకని గుమ్మడికాయ క్యాండిల్ కంటే హాలు అలంకరణే ముందు చూసుకోవాలి. రెండో తలుపుకు అడ్డంగా ఫొటో బ్యాక్‌డ్రాప్ పెట్టడం మనకు మామూలే. భారత్‌లో 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, ఐఎస్ 9873 రెండో భాగం వాటి మంట స్వభావం గురించే. ఫ్యాన్సీ డ్రెస్ అద్దె దుకాణంలో తెచ్చిన వేషానికి మాత్రం లేబులే ఉండదు, ఏ గుడ్డో అద్దెకిచ్చేవాడికీ తెలియదు. అలాంటి వేషం వేసినచోట వెలిగించిన క్యాండిల్ ఉండకూడదని నిర్వాహకులే నియమం పెట్టాలి, పుట్టినరోజు కేకు క్యాండిల్‌తో సహా.

విదేశాల్లోని తెలుగు ఇళ్లది ఇంకో ప్రత్యేక సమస్య. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. సాయంత్రం పూజ చేసి మెట్ల మీద వరసగా ప్రమిదలు పెడతాం. సరిగ్గా ఆ మెట్లే ఎక్కి వీధిలోని పిల్లలంతా కేపులు ఊపుకుంటూ వస్తారు. వాళ్లలో చాలామందికి ప్రమిద ఏమిటో తెలియదు, నేల మీద మంట ఉంటుందన్న ఊహే ఉండదు. పైగా ప్రమిద టీలైట్ లాంటిది కాదు. కాలు తగిలితే నూనె ఒలుకుతుంది, ఆ నూనె గౌను పీల్చుకుంటుంది. ఇది ఆ ఒక్క ఏడాదితో పోయే సంగతి కాదు. దీపావళి ముందే వచ్చిన ఏడాది హాలోవీన్ కార్తీక మాసంలో పడుతుంది. 2025లో అలాగే జరిగింది, 2027లో దీపావళి అక్టోబరు 29న కాబట్టి మళ్లీ అంతే. కార్తీకంలో రోజూ సంధ్యవేళ గుమ్మం దగ్గర దీపం పెట్టే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో అక్టోబరు 31 కూడా అందులో ఒక రోజే.

దీపం మానేయాల్సిన పనేం లేదు. ఆ ఒక్క సాయంత్రం దీపాన్ని తులసి కోట దగ్గరికో, పెరటి వైపుకో, పిల్లలకు అందని ఎత్తైన పిట్టగోడ మీదికో మారిస్తే సరిపోతుంది. కర్టెన్లున్న కిటికీ దగ్గర వద్దు. వీధి వైపు మెట్ల మీద ఎల్ఈడీ ప్రమిదలు పెట్టి, తొమ్మిదింటికి పిల్లల రాకపోకలు ఆగాక అసలు దీపం పెట్టుకున్నా ఎవరికీ అభ్యంతరం ఉండదు. పిల్లల సందడి ఆగేదాకా దీపం బయటే ఉండాలి అనుకుంటే, పెద్దవాళ్లలో ఒకరు దాని పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని క్యాండీ పంచాలి. చాలా వీధుల్లో గిన్నె మాత్రం బయట పెట్టి లోపలికి వెళ్లిపోతున్నారు. క్యాండిల్ వెలుగుతున్న గుమ్మంలో ఆ పని అస్సలు చేయకూడదు.

ఎల్ఈడీ అనగానే పూర్తిగా నిశ్చింత అనుకోవడానికీ లేదు. చవక టీలైట్లలో ఉండేది గుండీ బ్యాటరీ. చంటిపిల్ల అది మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేయగలదు. ఒక పాప అలా మరణించాక అమెరికా 2022లో ఆ పాప పేరునే రీసెస్ లా అనే చట్టం చేసింది, బ్యాటరీ అర పిల్లల చేతికి ఊడిరాకుండా ఉండాలని. స్క్రూ ఉన్న దీపాలే కొనాలి, లేదా పెద్ద ఏఏ బ్యాటరీలవి.

ఇంత చేసినా అంటుకుంటే? మనిషి సహజంగా చేసే పని పరిగెత్తడం, అదే మంటకు గాలి ఇస్తుంది. అమెరికా స్కూళ్లలో చిన్నప్పుడే మూడు ముక్కలు నేర్పుతారు: ఆగు, పడుకో, దొర్లు. పడుకోగానే మంట ముఖం వైపు ఎగబాకడం తగ్గుతుంది, దొర్లితే ఆరుతుంది. చేతులతో ముఖం కప్పుకోమని కూడా చెబుతారు. ఇక్కడ ఎవరూ పట్టించుకోని చిక్కు ఒకటుంది. స్కూల్లో ఇది సాధన చేసేది మామూలు బట్టల్లో. గుండ్రటి గుమ్మడికాయ వేషమో, గాలి నింపిన డైనోసార్ వేషమో వేసుకున్న పిల్ల దొర్లలేదు. ఆ వేషం వేశాక ఒకసారి కార్పెట్ మీద దొర్లించి చూడటం మంచిది, పిల్లలకూ సరదాగా ఉంటుంది. దొర్లలేని వేషమైతే తనంతట తాను తీసేసే వీలుందో లేదో చూడాలి.

పక్కనున్న పెద్దవాళ్లు పిల్లను కింద పడుకోబెట్టి, మందపాటి దుప్పటో కోటో కప్పి మంట ఆర్పాలి. నీళ్లుంటే నీళ్లు పోయాలి. ఆరాక కాలిన చోట మామూలు చల్లదనం ఉన్న కొళాయి నీటి ధార కనీసం 20 నిమిషాలు పడాలి. ఐసు వద్దు. గుడ్డ తీసేయాలి, చర్మానికి అతుక్కున్న ముక్కను మాత్రం లాగకూడదు, డాక్టర్లే తీస్తారు. మన ఇళ్లలో చెయ్యి కాలగానే గుర్తొచ్చే ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, కాఫీ పొడి, వెన్న ఏవీ రాయకూడదు. గాయం ఎంత లోతో డాక్టరుకు కనిపించకుండా చేస్తాయి, ఇన్ఫెక్షన్‌కు దారి తీస్తాయి. నీటి ధార పడుతుండగానే ఇంకొకరు ఫోన్ చేయాలి: అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఇక్కడైతే 108 లేదా 112. కాలిన చోట మాత్రమే చల్లబరచాలి, మిగతా ఒంటిని పొడి దుప్పటితో వెచ్చగా ఉంచాలి. చిన్నపిల్లలకు 20 నిమిషాల చన్నీళ్లకే ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోవచ్చు, అక్టోబరు చివరి రాత్రి వీధిలోనైతే ఇంకా త్వరగా.